డీజిల్ కంపెనీ మారితే మైలేజీ మారుతుందా?

ఫలానా కంపెనీ బంకులో డీజిల్ కొట్టిస్తే లీటరుకు కిలోమీటరు ఎక్కువ వస్తుందని, ఇంజను మెత్తగా నడుస్తుందని కొందరు గట్టిగా చెబుతారు. డీజిలంతా ఒకే రిఫైనరీలో తయారై ఒకే గొట్టంలో వస్తుందని, బోర్డు మీది పేరు తప్ప తేడా ఏమీ లేదని మరికొందరు అంతే గట్టిగా వాదిస్తారు. రెండు వాదాల్లోనూ నిజం ఉంది. చిక్కేమిటంటే ఇరుపక్షాలూ ఒకే మాట వాడుతూ వేర్వేరు సంగతులు మాట్లాడుకుంటున్నాయి. బండిలో పడే డీజిల్ గుణాన్ని నిర్ణయించేవి మూడు: రిఫైనరీలో తయారైన మూల ఇంధనం, డిపోలో అందులో కలిపే రసాయనాలు, బంకులో దాన్ని నిల్వచేసే తీరు. వీటిలో కంపెనీ పేరుతో నేరుగా ముడిపడినది మధ్యలోనిది ఒక్కటే. అందువల్ల ఈ ప్రశ్నకు ఒకే ముక్కలో జవాబు చెప్పడం కుదరదు.

ఒకే ట్యాంకులోంచి వేర్వేరు పేర్లతో

రిఫైనరీలు ఎక్కడపడితే అక్కడ ఉండవు. ఒక ప్రాంతంలో ఒక కంపెనీకి రిఫైనరీ ఉంటే అక్కడ బంకులున్న ఇతర కంపెనీలు కూడా తరచు దాని సరుకే తీసుకుంటాయి, బదులుగా తమ రిఫైనరీ ఉన్న ప్రాంతంలో తమ సరుకు ఇస్తాయి. వందల కిలోమీటర్ల దూరం ఒకే రకం సరుకును ఇటునుంచి అటు, అటునుంచి ఇటు మోయడం ఎవరికీ లాభం కాదు కనుక ఇది చాలా దేశాల్లో ఉన్న ఏర్పాటే. పైపులైన్లలోనూ, డిపోల్లోని పెద్ద ట్యాంకుల్లోనూ పలు కంపెనీల డీజిల్ కలిసే ఉంటుంది. కాబట్టి మూల ఇంధనం విషయంలో రెండో వర్గం మాటే ఎక్కువ భాగం నిజం.

ట్యాంకర్ నింపే చోట దారులు వేరవుతాయి. తమ ట్యాంకర్లోకి డీజిల్ పోసే సమయంలో ఒక్కో కంపెనీ తన సొంత అడిటివ్ (డీజిల్ గుణం పెంచడానికి కలిపే రసాయనం) మిశ్రమాన్ని కొలిచి కలుపుతుంది. అది పది లక్షల పాళ్లలో కొన్ని వందల పాళ్లకు మించదు. ఉదాహరణకు పది లక్షలకు 500 పాళ్ల చొప్పున కలిపారనుకుంటే 50 లీటర్ల ట్యాంకులో అది 25 మిల్లీలీటర్లు. అంత కొద్ది ద్రవం తాను మండి ఇచ్చే శక్తితో మైలేజీ పెంచడం అసాధ్యం. దాని వల్ల ఏదైనా మేలు జరిగితే అది మరో మార్గంలో జరగాలి. ఆ మార్గం ఏమిటో తర్వాత చూద్దాం.

ప్రమాణం దేన్ని కట్టడి చేస్తుంది, దేన్ని వదిలేస్తుంది

డీజిల్ పేరుతో అమ్మే ప్రతి ద్రవం ఏదో ఒక ప్రమాణానికి లోబడి ఉండాలి. ఐరోపా ప్రమాణమైన ఈఎన్ 590 ప్రకారం సీటేన్ సంఖ్య (డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే కొలత) కనీసం 51 ఉండాలి, గంధకం పది లక్షల పాళ్లలో 10కి మించకూడదు, మొక్కల నూనెల నుంచి చేసిన బయోడీజిల్ 7 శాతం దాకా కలపవచ్చు. అమెరికా ప్రమాణమైన ఏఎస్‌టీఎం డి975లో సీటేన్ సంఖ్య 40 ఉంటే చాలు, గంధకం పరిమితి 15 పాళ్లు, బయోడీజిల్ పరిమితి 5 శాతం. ఐరోపా ప్రమాణం 15 డిగ్రీల సెల్సియస్ వద్ద సాంద్రతకు పై హద్దు, కింది హద్దు రెండూ పెడుతుంది. ఘనమీటరుకు 820 నుంచి 845 కిలోల మధ్య అన్నది చాలాకాలం అమలైన శ్రేణి. అమెరికా ప్రమాణం సాంద్రతకు హద్దే పెట్టదు.

ఈ అంకెలను గమనిస్తే ఒక సంగతి బయటపడుతుంది. ప్రమాణం చెప్పేది కనీస అర్హత, లేదా ఒక శ్రేణి. ఆ శ్రేణిలో ఇటు అంచున ఉన్న డీజిలూ, అటు అంచున ఉన్న డీజిలూ రెండూ న్యాయంగా డీజిలే అయినా, రెండూ ఒకటి కావు. పైగా ఇంజెక్టర్లను, అంటే ఇంజనులోకి ఇంధనం చిమ్మే భాగాలను, శుభ్రంగా ఉంచే రసాయనం ఎంత ఉండాలో ఈ రెండు ప్రమాణాలూ చెప్పవు. వాహన తయారీదారుల సంఘాలు కలిసి వెలువరించే ప్రపంచ ఇంధన పత్రం మాత్రం ఇంకా ముందుకు వెళ్లి, ఆధునిక ఇంజన్లకు 55 సీటేన్‌ను, ఇంజెక్టర్ శుభ్రతకు ప్రత్యేక షరతులను కోరుతుంది. అది చట్టం కాదు, వారి కోరిక. చట్టం అడిగే దానికీ, ఇంజను తయారుచేసినవారు అడిగే దానికీ మధ్యనున్న ఆ ఖాళీలోనే ఎక్కువ ధరకు అమ్మే ‘ప్రీమియం’ డీజిల్ వ్యాపారం నడుస్తోంది.

లీటరులో ఎంత శక్తి: ఒక లెక్క

మైలేజీని నేరుగా, ఆ క్షణం నుంచే మార్చగల గుణం ఏదైనా ఉందంటే అది సాంద్రత. డీజిల్‌ను మనం లీటర్లలో కొంటాం కాని ఇంజనుకు కావలసింది శక్తి. కిలో డీజిల్‌లో ఉండే శక్తి పెద్దగా మారదు, సుమారు 43 మెగాజౌళ్లు. కాని లీటరుకు ఎన్ని గ్రాములు వస్తుందన్నది మారుతుంది.

తేలిక డీజిల్ లీటరు 820 గ్రాములు, కిలోకు 43.1 మెగాజౌళ్లు అనుకుందాం. లీటరుకు 35.3 మెగాజౌళ్లు వస్తాయి. బరువైన డీజిల్ లీటరు 845 గ్రాములు, కిలోకు కాస్త తక్కువగా 42.7 మెగాజౌళ్లు అనుకుందాం. లీటరుకు 36.1 మెగాజౌళ్లు. తేడా రెండు శాతం పైచిలుకు. మొదటి డీజిల్‌తో లీటరుకు 20 కిలోమీటర్లు ఇచ్చే బండి, మిగతావన్నీ సమానంగా ఉంటే, రెండో దానితో 20.4 కిలోమీటర్లు ఇస్తుంది. పైన చెప్పిన ఐరోపా శ్రేణిలో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్తే వచ్చే గరిష్ఠ తేడా ఇంతే. మామూలుగా రెండు బంకుల మధ్య తేడా ఇందులో కొంత భాగమే ఉంటుంది.

ఈ తేడా కంపెనీని బట్టి కాక ముడిచమురును బట్టి, రిఫైనరీని బట్టి, అన్నిటికంటే ఎక్కువగా కాలాన్ని బట్టి వస్తుంది. గట్టి చలి ఉండే దేశాల్లో మైనం గడ్డకట్టి ఫిల్టర్ మూసుకుపోకుండా శీతాకాలపు డీజిల్‌ను కిరోసిన్ వంటి తేలిక భాగాలతో పలచబరుస్తారు. దాంతో లీటరులో శక్తి తగ్గుతుంది. చలిలో మైలేజీ పడిపోవడానికి చిక్కబడ్డ ఇంజనాయిలు, చల్లబడ్డ టైర్లు, బరువెక్కిన గాలి కూడా కారణాలే కాబట్టి, ఆ నెలల్లో బంకు మార్చినవారు కొత్త కంపెనీని నిందించడం సహజమే అయినా న్యాయం కాదు.

బయోడీజిల్ కూడా ఈ లెక్కలోకి వస్తుంది. దాని లీటరులో సుమారు 33 మెగాజౌళ్లే ఉంటాయి. 35.8 మెగాజౌళ్ల డీజిల్‌లో 7 శాతం కలిపితే మొత్తం 35.6కు దిగుతుంది, అంటే అర శాతం పైచిలుకు నష్టం. బండి నడిపేవారికి అది కనిపించదు. కాని ఒక కంపెనీ ఏమీ కలపకుండా, మరొకటి పూర్తిగా 7 శాతం కలిపి అమ్మే చోట, లేబుల్ మీద లేని ఒక చిన్న తేడా నిజంగానే ఉన్నట్టు.

సీటేన్ సంఖ్య శక్తికి కొలత కాదు

సీటేన్ ఎక్కువైతే డీజిల్‌లో ‘దమ్ము’ ఎక్కువని చాలామంది అనుకుంటారు. నిజానికి అది డీజిల్ ఎంత త్వరగా అంటుకుంటుందో చెప్పే సంఖ్య. డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్ ఉండదు. బాగా నొక్కుకుపోయి వేడెక్కిన గాలిలోకి ఇంధనం చిమ్మితే కొద్దిసేపటికి తనంత తానే అంటుకుంటుంది. ఆ కొద్దిసేపు ఎక్కువైతే అంటుకునేలోపు సిలిండర్లో ఇంధనం పోగుపడుతుంది, తర్వాత అదంతా ఒక్కసారిగా మండుతుంది. డీజిల్ ఇంజను టకటకమనే చప్పుడుకు మూలం అదే. సీటేన్ పెరిగితే ఆ వ్యవధి తగ్గి మంట నెమ్మదిగా ఎదుగుతుంది, చల్లని ఉదయం ఇంజను తొందరగా స్టార్టవుతుంది, మొదట్లో వచ్చే తెల్లపొగ తగ్గుతుంది.

కాబట్టి మంచి డీజిల్ పోయిస్తే చప్పుడు తగ్గిందనేవారి మాట భ్రమ అని కొట్టిపారేయకూడదు. 2-ఇథైల్‌హెక్సైల్ నైట్రేట్ అనే రసాయనం కొద్దిగా కలిపితే సీటేన్ కొన్ని అంకెలు పెరుగుతుంది, ప్రీమియం డీజిల్‌లో చాలా కంపెనీలు చేసే పని అదే. అయితే చప్పుడు తగ్గడమూ మైలేజీ పెరగడమూ ఒకటి కాదు. ఇంజను దేనికి రూపొందిందో ఆ సీటేన్ అందిన తర్వాత, పైన ఇచ్చే ప్రతి అంకెకూ ఫలితం తగ్గుతూ పోతుంది. పైగా కామన్ రైల్ ఇంజన్లు (ఒకే గొట్టంలో అధిక ఒత్తిడితో ఉంచిన ఇంధనాన్ని అన్ని ఇంజెక్టర్లకూ అందించే ఆధునిక ఇంజన్లు) అసలు మోతాదు చిమ్మడానికి ముందే చిటికెడు ఇంధనం చిమ్మి మంటను సిద్ధం చేసుకుంటాయి కనుక, పాత ఇంజన్లలో వినిపించినంత తేడా వాటిలో వినిపించదు. నా అంచనాలో, ‘ఇంజను మెత్తబడింది, కాబట్టి మైలేజీ కూడా పెరిగే ఉంటుంది’ అనే ఊహే ఈ చర్చలో సగం గందరగోళానికి కారణం.

ఇంజెక్టర్ రంధ్రం దగ్గర జరిగే నెమ్మది కథ

ఇప్పుడు ఆ 25 మిల్లీలీటర్ల సంగతికి వద్దాం. కామన్ రైల్ ఇంజనులో ఇంధనం 2,000 బార్ల వరకు, కొన్నింటిలో అంతకంటే ఎక్కువ ఒత్తిడితో, మిల్లీమీటరులో పదో వంతు వెడల్పున్న రంధ్రాల గుండా చిమ్ముతుంది. ఆ రంధ్రాల అంచున మసి పేరుకుంటే చిమ్మే పరిమాణం తగ్గుతుంది, తుంపర ఆకారం చెడుతుంది. ఇంజెక్టర్ లోపలి కదిలే భాగాల మీద పల్చని పొర ఏర్పడితే సూది సమయానికి తెరుచుకోదు, మూసుకోదు. శుభ్రపరిచే అడిటివ్‌లు లోహపు ఉపరితలాన్ని పట్టుకుని ఆ మసిని అంటనివ్వవు. కొంతవరకు, అంటిన దాన్ని కూడా వదిలిస్తాయి.

దీన్ని పరీక్షించడానికి ఐరోపాలో ఒక ప్రామాణిక ఇంజను పరీక్ష ఉంది. అందులో డీజిల్‌కు పది లక్షల పాళ్లలో ఒక పాలు జింక్ కావాలని కలుపుతారు. జింక్ ఆ మసిని వేగంగా పేరుకునేలా చేస్తుంది. అడిటివ్ లేని ఇంధనంతో ఇంజను శక్తి ఎంత పడిపోయింది, అడిటివ్ కలిపాక ఎంత నిలిచింది అని కొలుస్తారు. పరీక్ష నమ్మదగినదే. కాని అక్కడి ఫలితాన్ని తెచ్చి రోడ్డు మీది బండికి అతికించడంలోనే మాయ ఉంది. నెలలూ ఏళ్లూ పట్టే మసిని ఆ పరీక్ష కొన్ని పదుల గంటల్లో పేర్చుతుంది. కంపెనీల ప్రకటనల్లోని ‘ఇంత శాతం వరకు’ అనే మాటలో ‘వరకు’ అన్న పదాన్ని జాగ్రత్తగా చదవాలి. ఎంత మురికి పట్టిన ఇంజనుతో పోల్చారన్నదాని మీద ఆ అంకె ఆధారపడుతుంది.

అంటే శుభ్రమైన ఇంజెక్టర్లున్న కొత్త బండిలో ఈ అడిటివ్ మైలేజీని పెంచదు, పెంచడానికి అక్కడ పోయినదేమీ లేదు. మసి పట్టిన బండిలో పోయినదాన్ని కొంత తిరిగి తెస్తుంది. అన్ని బండ్లలోనూ ఇకమీదట పోయేదాన్ని కొంత ఆపుతుంది. మూడో పనే అన్నిటికంటే విలువైనది, అదే ఎవరికీ కనిపించనిది.

పికప్ పెరిగిందనే అనుభవం

పూర్తిగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఇంజను ఇచ్చే గరిష్ఠ శక్తి, దాన్ని నడిపించే కంప్యూటర్ అనుమతించే ఇంధన పరిమాణం మీద ఆధారపడుతుంది. అది దాదాపు ఘనపరిమాణంలో కొలిచేది కనుక, రెండు శాతం బరువైన డీజిల్ రెండు శాతం దాకా ఎక్కువ శక్తి ఇవ్వగలదు. 150 హార్స్‌పవర్ ఇంజనులో అది 3 హార్స్‌పవర్. ఇంజను శక్తిని కొలిచే యంత్రం డైనమోమీటరు పసిగడుతుంది, సీట్లో కూర్చున్న మనిషికి తెలియదు. మామూలు వేగాల్లో ఆ మాత్రం తేడా కూడా ఉండదు. తేలిక డీజిల్ అయితే డ్రైవరు కాలు తనకు తెలియకుండానే వెంట్రుకవాసి ఎక్కువ తొక్కుతుంది, అంతే. పికప్ స్పష్టంగా పెరిగిందని ఎవరైనా చెబితే, మూసుకుపోయిన ఇంజెక్టర్లు శుభ్రపడుతూ ఉండి ఉండవచ్చు, అంతకుముందు పోయించిన డీజిల్‌లో లోపం ఉండి ఉండవచ్చు, లేదా ఎక్కువ ధర పెట్టామన్న స్పృహ తన పని చేసి ఉండవచ్చు.

మన లెక్కలు మనల్నే ఎందుకు మోసం చేస్తాయి

మైలేజీ చూసేవారు ఎక్కువగా ట్యాంకు నుంచి ట్యాంకు పద్ధతి వాడతారు: నిండుగా కొట్టించి, తిరిగి, మళ్లీ నిండుగా కొట్టించి, దూరాన్ని లీటర్లతో భాగిస్తారు. 800 కిలోమీటర్లకు 40 లీటర్లు పడితే 20 వచ్చినట్టు. రెండోసారి నాజిల్ అర లీటరు ముందే ఆగితే అదే దూరానికి 39.5 లీటర్లే పడి 20.25 అవుతుంది, అర లీటరు ఎక్కువ పడితే 19.75. బండిలో ఏమీ మారకుండానే అర కిలోమీటరు తేడా వచ్చేసింది. ఇది ఇందాక సాంద్రత లెక్కలో చూసిన గరిష్ఠ తేడా కంటే ఎక్కువ.

ఇందులో ఒక చమత్కారమూ ఉంది. చాలా ప్రీమియం డీజిళ్లలో నురగను అణచే పదార్థం ఉంటుంది. నురగ తక్కువైతే నాజిల్ ఆలస్యంగా ఆగుతుంది, ట్యాంకులో ఎక్కువ డీజిల్ పడుతుంది. ఆ అదనపు లీటర్లు లెక్కకు వచ్చేది ఇప్పుడు పోయిస్తున్న డీజిల్ ఖాతాలో కాదు, అప్పటిదాకా వాడిన పాత డీజిల్ ఖాతాలో. కొత్త డీజిల్ ఒక్క కిలోమీటరు నడవకముందే పాతదాని మైలేజీ తగ్గినట్టు కనిపిస్తుంది.

ఉష్ణోగ్రత మరో దొంగ. డీజిల్ ఒక డిగ్రీకి సుమారు 0.083 శాతం వ్యాకోచిస్తుంది, 20 డిగ్రీల తేడాకు 1.7 శాతం. భూమిలోని ట్యాంకుల్లో అంత మార్పు రాదు గాని, అప్పుడే ట్యాంకర్ దించిన సరుకులో కొంత రావచ్చు. పొగ గొట్టంలోని మసి ఫిల్టర్ తనను తాను కాల్చుకుని శుభ్రపరచుకునే ప్రతిసారీ బండి అదనంగా డీజిల్ తాగుతుంది. అది ఒక ట్యాంకులో రెండుసార్లు, మరో ట్యాంకులో ఒక్కసారి జరిగితే పోలిక చెడినట్టే. డాష్‌బోర్డు మీది మైలేజీ కూడా తీర్పు చెప్పలేదు, ఎందుకంటే అది ఇంజెక్టర్లకు ఇచ్చిన ఆజ్ఞలను బట్టి కట్టిన లెక్క, దానికి ఈ డీజిల్ సాంద్రత ఎంతో తెలియదు.

మరి తేల్చుకోవాలంటే ఎన్ని ట్యాంకులు కావాలి? ట్యాంకుకూ ట్యాంకుకూ మధ్య సహజంగా వచ్చే విచలనం 0.8 కిలోమీటర్లనుకుందాం, రోజువారీ వాడకంలో ఇది వింతేమీ కాదు. మనం పట్టుకోవాలనుకునే తేడా 0.4. రెండు రకాలనూ ఐదేసి ట్యాంకులు వాడితే, వాటి సగటుల తేడాలో ఉండే అనిశ్చితే సుమారు 0.5 అవుతుంది. అంటే వెతుకుతున్న దానికంటే వెతికే సాధనం మొరటుగా ఉంది. ఆ అనిశ్చితి 0.2కు దిగాలంటే ఒక్కో రకానికి 32 ట్యాంకులు కావాలి. అన్ని ట్యాంకులు తిరిగేలోపు ఋతువులు మారతాయి, టైర్లు అరుగుతాయి. అందుకే పెద్ద వాహనాల ఇంధన పరీక్షల్లో మార్పు చేసిన వాహనంతో పాటు ఏ మార్పూ చేయని మరో వాహనాన్ని అదే రోజు, అదే దారిలో నడిపి, రెండింటి నిష్పత్తిని మాత్రమే లెక్కలోకి తీసుకునే పద్ధతి ఉంది.

బంకు ట్యాంకు అడుగున

తేడా నిజంగా భారీగా ఉన్నప్పుడు దానికి కారణం చాలావరకు కంపెనీ కాదు, ఆ ఒక్క బంకు. భూగర్భ ట్యాంకుల్లో గాలిలోని తేమ నీరై అడుగున చేరుతుంది. నీరూ డీజిలూ కలిసే సరిహద్దులో సూక్ష్మజీవులు పెరిగి జిగట పదార్థం తయారవుతుంది. బయోడీజిల్ నీటిని ఇంకా ఎక్కువగా పట్టి ఉంచుతుంది కనుక ఈ సమస్యను పెంచుతుంది. ఎప్పటికప్పుడు నీరు తోడి, ఫిల్టర్లు మార్చి, సరుకు త్వరత్వరగా అమ్ముడయ్యే బంకులో పేరులేని డీజిల్, నిర్లక్ష్యంగా ఉన్న బంకులో పేరున్న డీజిల్ కంటే మేలు.

పేరు కాదు, రకమే వేరైతే

ఇంతవరకు చెప్పినది ఒకే ప్రమాణానికి లోబడ్డ డీజిళ్ల గురించి. ప్రమాణమే మారితే తేడాలు స్పష్టంగా కనిపిస్తాయి. స్వీడన్ 1990ల మొదట్లో అతి తక్కువ గంధకం, అతి తక్కువ ఆరోమాటిక్స్ (ఉంగరాకారపు అణువులున్న ఒక రకం హైడ్రోకార్బన్లు) ఉన్న డీజిల్ తెచ్చింది. దాని సాంద్రత 800 నుంచి 820 మధ్యే, కాబట్టి లీటరులో శక్తి కూడా తక్కువ. అంతకంటే పెద్ద సమస్య మరోచోట వచ్చింది: గంధకాన్ని తీసే శుద్ధిలో సహజమైన కందెన గుణం కూడా పోయి, డీజిల్‌నే కందెనగా వాడుకునే ఇంధన పంపులు అరిగిపోయాయి. కందెన గుణం పెంచే అడిటివ్‌లు, దాన్ని కొలిచే పరీక్షలు ప్రమాణాల్లోకి రావడంలో ఆ అనుభవం పాత్ర పెద్దది. ఈ పరీక్షలో ఉక్కు గోళం మీద పడే గీత వెడల్పు ఐరోపాలో 460 మైక్రాన్లు, అమెరికాలో 520 మైక్రాన్లు మించకూడదు.

వాడిన నూనెల నుంచి, కొవ్వుల నుంచి హైడ్రోజన్‌తో శుద్ధిచేసి తీసే పునరుత్పాదక డీజిల్ మరో ఉదాహరణ. సీటేన్ 70కి పైన, చప్పుడు తక్కువ, మసి తక్కువ. కాని లీటరు బరువు 780 గ్రాముల చుట్టూ ఉండటంతో, కిలోకు 44 మెగాజౌళ్లున్నా లీటరుకు 34.3 మెగాజౌళ్లే వస్తాయి. 35.8 మెగాజౌళ్ల మామూలు డీజిల్‌తో పోలిస్తే సుమారు నాలుగు శాతం తక్కువ. ఇంజనుకు హాయిగా ఉండి మైలేజీ మాత్రం తగ్గే డీజిల్ ఉండవచ్చనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం లేదు.

ఎక్కువ ధరకు లెక్క ఎలా కుదురుతుంది

ప్రీమియం డీజిల్ ధర మామూలు దానికంటే ఐదు శాతం ఎక్కువనుకుందాం. మైలేజీ ఒక్కదానితోనే ఆ ఖర్చు తిరిగి రావాలంటే 20 ఇచ్చే బండి 21 ఇవ్వాలి. శుభ్రమైన ఇంజనులో అలా ఐదు శాతం పెంచగల మార్గం పైన చెప్పిన వాటిలో ఒక్కటీ లేదు. సాంద్రత వల్ల వచ్చే గరిష్ఠమే రెండు శాతం, అదీ ప్రీమియం అన్నంత మాత్రాన వచ్చేది కాదు. ఇంజెక్టర్ల ఆయుష్షును లెక్కలో వేస్తే సంగతి మారవచ్చు: చిన్న ప్రయాణాలు ఎక్కువగా చేస్తూ, అధిక ఒత్తిడి ఇంజెక్టర్లున్న బండిని చాలా ఏళ్లు ఉంచుకునేవారికి, అడిటివ్ కలిపిన డీజిల్ వల్ల ఒక ఇంజెక్టర్ మార్పిడి తప్పినా లాభమే. హైవే మీద నిలకడగా నడిచి, మూడు నాలుగేళ్లకు చేతులు మారే బండికి ఆ లాభం దాని తర్వాతి యజమానికి దక్కుతుంది.